డిగ్రీ పక్కన ఉన్న అక్షరం చూశారా?



గత వర్షాకాలంలో ఒక రాత్రి పదకొండు గంటల వేళ రెండేళ్ళ బాబును భుజాన వేసుకుని ఒక తల్లి మా క్యాజువాల్టీకి పరుగెత్తుకొచ్చింది. బాబు డొక్కలు ఎగరేస్తున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆ బాబు మాకు కొత్త కాదు. న్యుమోనియాతో మా పిల్లల వార్డులో ఐదు రోజులు ఉండి, మూడు రోజుల కిందటే ఇంటికి వెళ్ళాడు. డ్యూటీలో ఉన్న సిస్టర్ గారు, "ఇంత జ్వరం పెట్టుకుని పొద్దుటే ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని కాస్త గట్టిగానే అడిగారు.

ఆ తల్లి కొంగు ముడి విప్పి చిన్న డిజిటల్ థర్మామీటరు తీసింది. "101 దాటితే రమ్మని కాయితం మీద రాశారు కదండీ సిస్టరమ్మ గారూ. మా ఆడపడుచు దుబాయి నుంచి పంపిందండీ ఇది. పొద్దుటి నుంచి గంట గంటకీ పెట్టి చూస్తానే ఉన్నాను. చెయ్యి వేస్తే కాలిపోతన్నాడు గానీ, ఇందులో 39 దాటి పైకి పోవట్లేదండీ."

మేము మళ్ళీ పెట్టి చూశాం. 39.8 చూపించింది. అది సెల్సియస్ థర్మామీటరు. మనం మామూలుగా చెప్పుకునే లెక్కలో అది 103.6.

తప్పు ఆమెది కాదు. కాయితం రాసింది మేము. 101 అని రాశాం గానీ, అది ఫారెన్‌హీట్ అని రాయలేదు. ఆమె చేతిలోని థర్మామీటరులో 101 రావాలంటే బిడ్డ ఒళ్ళు నీళ్ళు మరిగేంత వేడెక్కాలి. అక్షరం ముక్క రాయనందుకు ఒక పగలంతా వృథా అయింది. బాబుకు నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు బాగున్నాడు. మొన్న టీకాకు వచ్చినప్పుడు ఓపీలో బెంచీ కిందకి దూరి ఎవరికీ చిక్కలేదు.

ఆ రాత్రి తరువాత ఈ పాఠం రాయాలని అనుకున్నాం. వేడిని ఎలా కొలుస్తాం, వేడి తగిలితే వస్తువు ఏమవుతుంది అన్నవి బడిలో చదివి మరిచిపోయిన సంగతులే. కాని వాటిలో కొన్ని వంటింట్లో రోజూ పనికొస్తాయి, కొన్ని ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొస్తాయి.

రెండు కొలబద్దలు

గుడ్డను గజాల్లో కొలవవచ్చు, మీటర్లలో కొలవవచ్చు. 5 మీటర్ల గుడ్డ గజాల్లో సుమారు ఐదున్నర. గుడ్డ పెరగలేదు, అంకె మారింది. వేడి కొలతలూ అంతే.

డానియల్ గాబ్రియల్ ఫారెన్‌హీట్ 1686లో డాన్‌జిగ్ నగరంలో (అది ఇప్పుడు పోలండ్‌లో ఉంది) పుట్టి, హాలండులో కొలత పరికరాలు తయారుచేసి బతికాడు. 1714లో పాదరసంతో నమ్మదగిన థర్మామీటరు చేశాడు. 1724లో తన కొలబద్దను ప్రకటించాడు. మంచు, నీరు, నవాసారం కలిపితే వచ్చే చల్లదనాన్ని సున్నా అన్నాడు. మంచు కరిగే చోటు 32, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి 96 అని పెట్టుకున్నాడు. తరువాతివారు ఆ కొలబద్దను సవరించి, నీరు మరిగే చోటును 212 దగ్గర స్థిరపరిచారు. అలా సవరించినందువల్లే ఒంటి వేడి 96 నుంచి 98 దాకా జరిగింది.

స్వీడన్‌లోని ఉప్సాలాలో ఆండర్స్ సెల్సియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1742లో ఇంకో కొలబద్ద చేశాడు. మంచు కరిగే చోటు నుంచి నీరు మరిగే చోటు దాకా సరిగ్గా 100 భాగాలు. విచిత్రం ఏమిటంటే ఆయన మరిగే నీటికి సున్నా, మంచుకు 100 పెట్టాడు! ఆయన 1744లో చనిపోయాక దాన్ని తిరగేశారు. మన పెద్దలు సెంటీగ్రేడ్ అనేది దీన్నే. 1948లో సెల్సియస్ అనే పేరు ఖాయం చేశారు.

ఒకే ఎత్తున్న మేడకు రెండు మెట్ల వరుసలు ఉన్నాయనుకోండి. ఫారెన్‌హీట్ వైపు 180 మెట్లు, సెల్సియస్ వైపు 100 మెట్లు. సెల్సియస్ మెట్టు పెద్దది. అటు ఒక్క మెట్టు ఎక్కితే ఇటు 1.8 మెట్లు, అంటే దాదాపు రెండు మెట్లు ఎక్కినట్టు.

మన ఇళ్ళలో తికమక ఎక్కడంటే, ఎండను సెల్సియస్‌లోనూ జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లోనూ చెప్పుకుంటాం. టీవీలో రెంటచింతలలో 45 అంటే సెల్సియస్. అమ్మమ్మ "నూట రెండు జ్వరం" అంటే ఫారెన్‌హీట్. ఎవరూ మాటల్లో ఆ పేరు చెప్పరు. అందరూ ఒకే రకం థర్మామీటరు వాడినన్నాళ్ళూ గొడవ లేదు. ఇప్పుడు గల్ఫ్ నుంచి ఒకటి, అమెరికా నుంచి ఒకటి, మందుల షాపు నుంచి ఒకటి ఇంట్లోకి వస్తున్నాయి.

సెల్సియస్ అంకెను 9తో గుణించి, 5తో భాగించి, 32 కలిపితే ఫారెన్‌హీట్ వస్తుంది. అర్ధరాత్రి ఏడుస్తున్న బిడ్డను పట్టుకుని ఎవరూ ఈ లెక్క చేయలేరు. అందుకని ఈ జతలు క్యాలెండరు వెనక రాసి పెట్టుకోండి: 37 అంటే 98.6. 38 అంటే 100.4. 39 అంటే 102.2. 40 అంటే 104. 41 అంటే 105.8. అదీ కుదరకపోతే ఒక్కటే గుర్తుంచుకోండి: 38కి 100, ఆ పైన ఒక్కో డిగ్రీకీ రెండేసి కలపాలి. కొద్ది తేడాతో సరిపోతుంది.

థర్మామీటరు ఏ రకమో అంకెను చూసే చెప్పవచ్చు. ముప్పైలు, నలభైలు చూపిస్తే సెల్సియస్. తొంభైలు, వందలు చూపిస్తే ఫారెన్‌హీట్. అంకె పక్కన నెలవంక ఆకారంలో ఉండే ఇంగ్లీషు 'సి' గానీ, 'ఎఫ్' గానీ ఉంటుంది. కొన్ని డిజిటల్ థర్మామీటర్లలో బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఒక రకం నుంచి ఇంకో రకానికి మారిపోతుంది. పిల్లలు ఆడుకున్నాక ఒకసారి చూసుకోవడం మంచిది.

మూడో కొలబద్ద కూడా ఒకటుంది. 1848లో కెల్విన్ ప్రభువు ప్రతిపాదించినది, శాస్త్రజ్ఞులు వాడేది. ఇంతకన్నా చల్లబరచడం ఇక సాధ్యం కాదు అనే హద్దు, సెల్సియస్‌లో మైనస్ 273.15, దానికి సున్నా. మన థర్మామీటర్లతో దానికి పని లేదు.

98.6 అనేది గీసిన గీత కాదు

"98.6 ఉండాలి కదండీ, మా నాన్నకు 97.4 ఉంది, నీరసమా?" అని అడిగేవారు మా ఓపీలో తరచు కనబడతారు. ఈ అంకె ఎక్కడిదో చెబుతాం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్లిక్ అనే వైద్యుడు సుమారు 25,000 మంది రోగుల ఒంటి వేడిని పది లక్షలకు పైగా సార్లు కొలిపించి, 1868లో పుస్తకం రాశాడు. ఆయన చెప్పినది సుమారు 37 సెల్సియస్ అని. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చేసరికి 98.6 అయింది. ఉజ్జాయింపుగా చెప్పిన 37 కాస్తా, మార్చగానే దశాంశం తగిలించుకుని కచ్చితమైన అంకెలా కనబడుతోంది. అంతే.

ఆరోగ్యవంతుడి ఒళ్ళు తెల్లవారుజామున చల్లగా, సాయంత్రం కాస్త వేడిగా ఉంటుంది. వృద్ధులకు తక్కువ ఉండటం మామూలే. చంకలో పెడితే నోటిలో కన్నా అర డిగ్రీ సెల్సియస్ దాకా, అంటే ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ దాకా, తక్కువ చూపిస్తుంది. కాబట్టి మాకు ఫోన్ చేసి అంకె చెప్పేటప్పుడు ఎక్కడ పెట్టి చూశారో, ఎన్ని గంటలకు చూశారో కూడా చెప్పండి. 38 సెల్సియస్, అంటే 100.4 దాటితే జ్వరం అనుకోవచ్చు. మూడు నెలల లోపు పసిబిడ్డకు ఆ మాత్రం జ్వరం వచ్చినా ఇంట్లో ఆగకూడదు, ఏ వేళైనా ఆసుపత్రికి తీసుకురావాలి. పెద్ద పిల్లల్లో అంకె ఒక్కటే చూడకండి. పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేసినా, మగతగా పడి ఉన్నా థర్మామీటరు ఏం చెప్పినా సరే రండి. ఆ తల్లి చెయ్యి నిజమే చెప్పింది. ఆమె తన చేతికన్నా మా కాయితాన్ని ఎక్కువ నమ్మింది.

వుండర్లిక్ కాలంలో థర్మామీటరు అడుగు పొడవుండేది. చంకలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచాల్సి వచ్చేది. ఇంగ్లండు వైద్యుడు థామస్ క్లిఫర్డ్ ఆల్‌బట్ 1860లలో ఆరు అంగుళాల పొట్టి థర్మామీటరు చేయించాక అది ఐదు నిమిషాల పని అయింది.

పాత గాజు థర్మామీటరులో ఉన్నది పాదరసం. వేడి తగిలితే దాదాపు ఏ వస్తువైనా వ్యాకోచిస్తుంది, అంటే కాస్త ఉబ్బుతుంది. పాదరసం వేడెక్కి సన్నని గొట్టంలో పైకి పాకుతుంది. బుడ్డి పైన గొట్టాన్ని ఒక చోట నొక్కినట్టు ఇరుకు చేస్తారు, అందుకే చంకలోంచి తీశాక కూడా పాదరసం కిందికి జారదు, విదిలిస్తేనే దిగుతుంది. సాధారణంగా అందులో గీతలు 42 సెల్సియస్ దగ్గర ఆగిపోతాయి. దాన్ని వేడినీళ్ళతో కడిగితే పాదరసానికి పోవడానికి చోటు లేక గాజు పగులుతుంది. పగిలితే ఆ వెండి పూసలను చేత్తో పట్టుకోకండి, చీపురుతో ఊడవకండి. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, గట్టి కాగితం ముక్కతో దగ్గరికి తోసి, సీసాలోకి ఎత్తి బిగుతుగా మూత పెట్టండి. మామూలు గది వేడికే పాదరసం కంటికి కనబడకుండా ఆవిరి అవుతుంది, ఆ ఆవిరి పీలిస్తే విషం. పాదరసం వాడకాన్ని తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది, మన దేశం 2018లో దానిలో చేరింది. ఇంట్లో వాడుకోవడానికి డిజిటల్ చాలు.

కంటికి కనబడని వేడి

కొబ్బరి నూనె డిసెంబరు పొద్దుట సీసాలో తెల్లగా గడ్డకట్టి, కాస్త ఎండలో పెట్టగానే కరుగుతుంది. సుమారు 24 సెల్సియస్ దగ్గర అది ఘన స్థితి నుంచి ద్రవ స్థితికి మారుతుంది. ఘన పదార్థంలో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి. వేడి ఇస్తే వణుకు పెరిగి, పట్టు సడలి, ఒకదాని మీద ఒకటి జారుతాయి, అది ద్రవం. ఇంకా వేడి ఇస్తే పట్టు పూర్తిగా వదిలి ఎగిరిపోతాయి, అది వాయువు. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తెలియనిది ఒకటుంది. ఒక గ్లాసులో ఐసు ముక్కలు, కొంచెం నీళ్ళు వేసి కలుపుతూ ఉండండి. ఆ నీటి వేడి సున్నా సెల్సియస్ దగ్గరే ఉంటుంది. గదిలోని వేడి గ్లాసులోకి వస్తూనే ఉన్నా, చివరి ముక్క కరిగేదాకా అంకె కదలదు. మరిగే నీళ్ళూ అంతే. మంట ఎంత పెంచినా గిన్నెలో నీరు 100 దాటదు, తొందరగా ఆవిరైపోతుందంతే. మరి ఇచ్చిన వేడి ఎక్కడికి పోయింది? అణువుల పట్టు విడిపించడానికి ఖర్చయింది. థర్మామీటరుకు కనబడకుండా దాగిన వేడి కాబట్టి దీన్ని గుప్తోష్ణం అంటారు. 1760ల మొదట్లో స్కాట్లండులోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు దీన్ని కనిపెట్టాడు.

ఎంత వేడి దాగుతుందో చూడండి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి ఒక కాలరీ కావాలి. (ఆహారం గురించి చెప్పుకునే కాలరీ దీనికి వెయ్యి రెట్లు, దాన్ని కిలో కాలరీ అనాలి.) ఒక గ్రాము మంచును కరిగించడానికి 80 కాలరీలు. ఒక గ్రాము మరిగే నీటిని ఆవిరి చేయడానికి 540 కాలరీలు. ఈ 540 అనే అంకె వల్ల మా వార్డుకు వచ్చేవారున్నారు, ఇదే 540 వల్ల మండువేసవిలో మనం బతుకుతున్నాం.

ముందు వార్డు సంగతి. 100 డిగ్రీల నీటి చుక్క, ఒక గ్రాము, చేతి మీద పడి ఒంటి వేడి దాకా చల్లారితే చర్మానికి 63 కాలరీలు ఇస్తుంది. అదే 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము చర్మానికి తగిలి నీరుగా మారితే, దాచుకున్న 540 కూడా కక్కుతుంది. మొత్తం 603. థర్మామీటరుకు రెండూ 100 డిగ్రీలే, చర్మానికి తొమ్మిది రెట్లకు పైగా తేడా. ఇడ్లీ పాత్ర మూతను మన వైపు కాకుండా అటు వైపు ఎత్తాలని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీరు 120 దగ్గర మరుగుతుంది. మా ఆపరేషన్ థియేటర్ పరికరాలను శుభ్రపరిచే ఆటోక్లేవ్ కూడా 121 డిగ్రీల ఆవిరితో పనిచేసే పెద్ద కుక్కరే. విజిల్ పూర్తిగా దిగకుండా మూత లాగకండి. జలుబు చేసిందని చిన్నపిల్లలకు దుప్పటి కప్పి ఆవిరి పట్టించకండి, గిన్నె ఒలికి కాలిన పిల్లలను మేము చూస్తూనే ఉన్నాం. కాలితే వెంటనే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు, కోడిగుడ్డు సొన పూయకండి. ఐసు కూడా పెట్టకండి.

చెమట చేసే పని

నీరు ఆవిరి కావడానికి మరగనక్కరలేదు. ఆరేసిన చీర ఆరడమూ ఆవిరి కావడమే. చర్మం మీది చెమట ఆరేటప్పుడు ఒక గ్రాముకు సుమారు 580 కాలరీలు మన ఒంట్లోంచి లాక్కుపోతుంది. చిన్న టీ గ్లాసెడు, 100 మిల్లీలీటర్ల చెమట పూర్తిగా ఆరితే, 60 కిలోల మనిషి ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గేంత వేడి పోతుంది. దీనితో పోలిస్తే చల్లటి నీళ్ళు తాగి చల్లబడటం చాలా చిన్న సంగతి. ఐసులా ఉన్న లీటరు నీళ్ళు తాగినా అవి తీసుకునే వేడి 37 కిలో కాలరీలు. లీటరు చెమట ఆరితే పోయేది 580. నీళ్ళు తాగమనేది ఆ చెమటకు సరుకు అందించడానికి.

పూర్తిగా ఆరితే, అన్నాం. కారి కింద పడిన చెమట వేడిని తీసుకుపోదు. అనంతపురం ఎండలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. మచిలీపట్నంలో గాలి నిండా అప్పటికే తేమ ఉంటుంది. చొక్కా తడిసి ముద్దవుతుంది, ఒళ్ళు చల్లబడదు. కూజాలో నీళ్ళు, గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడకలు ఉక్కపోత రోజున సరిగా చల్లబరచకపోవడానికీ ఇదే కారణం. భారత వాతావరణ శాఖ వడగాడ్పులు లెక్కించేటప్పుడు మైదాన ప్రాంతాలకు 40 డిగ్రీలు, తీర ప్రాంతాలకు 37 డిగ్రీలు హద్దుగా పెట్టుకున్నది ఊరికే కాదు. "మా ఊళ్ళో 38 మాత్రమే కదా" అని తీరంలోని వారు ధీమాగా ఉండకూడదు.

2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు వారిలో ఎక్కువ.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా చదవండి. జ్వరం వేరు, వడదెబ్బ వేరు, థర్మామీటరులో రెండూ 104 చూపించినా సరే. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచమని చెబుతుంది, క్రిములతో పోరాడటానికి. అందుకే జ్వరం ఎక్కేటప్పుడు చలి, వణుకు. పారాసిటమాల్ ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. అప్పుడు బిడ్డ మీద ఐసు నీళ్ళు గుమ్మరిస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, వణుకు హెచ్చి, లోపల వేడి ఇంకా పుడుతుంది. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే కాసేపు తగ్గినట్టు ఉంటుంది, బిడ్డ వణికితే ఆపేయండి. బరువుకు తగినట్టు డాక్టరు చెప్పిన మోతాదులో మందు, పలుచని బట్టలు, మాటిమాటికీ పాలు, నీళ్ళు ఇవే ముఖ్యం. రగ్గులు కప్పి చెమట పట్టించాలని చూడకండి.

వడదెబ్బలో మెదడు వేడిని పెంచమనలేదు. లోపలికి వచ్చిన వేడి బయటికి పోలేక పేరుకుపోయింది. పారాసిటమాల్ అక్కడ పనిచేయదు. ఎండలో ఉన్న మనిషి తడబడుతూ మాట్లాడినా, తిక్కగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా వడదెబ్బ అనుకోండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు, పని చేస్తూ పడిపోయినవారికి చెమట ఉండవచ్చు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకండి. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టవచ్చు. ఇక్కడ చన్నీళ్ళు మంచివే. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గది 40 దాటినప్పుడు ఫ్యాన్ ఒక్కటే వేడిగాలిని ఒంటి మీదికి కొడుతుంది, ఒళ్ళు తడిపి ఉంచితేనే దానివల్ల మేలు.

చలి వైపు

కొందరు మందును ఎంత చల్లగా ఉంచితే అంత మంచిదనుకుంటారు. ఇన్సులిన్‌ను ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టాక కరిగించి వాడిన వారిని చూశాం. కొబ్బరి నూనె ఎన్నిసార్లు గడ్డకట్టి కరిగినా కొబ్బరి నూనే. ఇన్సులిన్ అలా కాదు, ఒకసారి గడ్డకడితే చెడిపోయినట్టే, చూడటానికి మామూలుగా ఉన్నా సరే పారేయాలి. తెరవని సీసా 2 నుంచి 8 సెల్సియస్ మధ్య, ఫ్రిజ్ తలుపు వైపో మధ్య అరలోనో ఉండాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన కుండలో చిన్న కుండ పెట్టి అందులో ఉంచుకోవచ్చు, చెమట చేసే పనే అక్కడ ఇసుక తడి చేస్తుంది. పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటి టీకాలు కూడా గడ్డకడితే పనికిరావు. మా టీకాల గదిలో సిస్టర్ గారు రోజుకు రెండుసార్లు ఫ్రిజ్ డిగ్రీలు పుస్తకంలో రాసుకునేది ఇందుకే.

ఘనం నుంచి ద్రవం కాకుండా నేరుగా ఆవిరయ్యేవీ ఉన్నాయి. బీరువాలో వేసే కలరా ఉండలు నెలల్లో చిక్కి మాయమవుతాయి, ఆ ఆవిరి బట్టల్లో చేరుతుంది. ఆ బట్టలు కొందరు పసిబిడ్డలకు ప్రమాదం. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న బిడ్డకు ఆ వాసన వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చు. పురిటికి వచ్చేటప్పుడు పాత పంచెలు, చీరముక్కలు కలరా ఉండల పెట్టెలోంచి తీసి అలాగే తేకండి. అసలు పురిటి బట్టల దగ్గర అవి వేయకపోవడం మేలు.

ఆ బాబుకు పెట్టిన ఆక్సిజన్ గురించి ఒక మాట. ఆసుపత్రి వెనక తెల్లటి నిలువు ట్యాంకు చూసి అందులో గ్యాసు ఉందనుకుంటారు. అందులో ఉన్నది ద్రవం. మైనస్ 183 సెల్సియస్‌కు చల్లబరిస్తే ఆక్సిజన్ లేత నీలం రంగు ద్రవం అవుతుంది. అది లీటరు ఉంటే మన గది వేడికి సుమారు 860 లీటర్ల వాయువు అవుతుంది, అందుకే ద్రవంగా తెచ్చుకుంటాం. ట్యాంకు పక్కన గొట్టాలపై మే నెలలో కూడా మంచు పేరుకుని ఉంటుంది. ద్రవం వాయువుగా మారడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాగుతోందన్నమాట. పిల్లలకు చూపించండి, కంచె ఇవతలి నుంచే.

ఆ రాత్రి తరువాత మా డిశ్చార్జి కాయితం మార్చాం. ఇప్పుడు అందులో "జ్వరం 101 ఫారెన్‌హీట్ లేదా 38.3 సెల్సియస్ దాటితే" అని రెండూ ఉంటాయి. దాని కింద, "అంకె ఎంతైనా సరే, ఊపిరి కష్టంగా ఉంటే వెంటనే రండి" అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాం. మీ ఇంట్లో పాత కాయితం ఉంటే అక్షరం లేని అంకె పక్కన పెన్నుతో రాసుకోండి. ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు మీ థర్మామీటరు కూడా తెండి. బరువు చూసే చోట సిస్టర్ గారు అది ఏ రకమో చూసి, సెల్సియస్ అయితే ఎర్ర దారం, ఫారెన్‌హీట్ అయితే తెల్ల దారం కట్టి ఇస్తారు.